ఆకాశమునుండి చూచిన పాతబస్తీ చెరువులు

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున కురిసిన కుంభవృష్టికి పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న చెరువులు నిండిపోయినవి. నాలుగు దినములు గడచునంతలో మరల వాన పట్టుకొనగా, 17వ తేదీ రాత్రి బాలాపూరు వైపున ఉన్న గుర్రం చెరువు కట్ట తెగినది. హాఫిజ్ బాబానగర్ మొదలగు పేటలు నీటిపాలైనవి. అంతకుముందే పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీని ముంచివేసినది. నీరు ఇండ్లమీదికి వచ్చినదా, లేక ఇండ్లే నీటి దారిలోనికి పోయినవా అను ప్రశ్న ఆనాటినుండి నగరమును విడువలేదు.

సమాధానము చెప్పగల సాధనము ఆ నగరముననే ఉన్నది. 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి బాలానగరమే స్థానము. 2008 నుండి అది ఇస్రోలో భాగమై, సెంటరు అను పేర పనిచేయుచున్నది. 1972లో అమెరికా ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ చిత్రమున ఒక్కొక్క చుక్క నేలమీద సుమారు 80 మీటర్లు. అనగా ఎకరమున్నర నేల ఒక్క చుక్కలో ఇమిడిపోవును. 1988 మార్చి 17న ఎగసిన భారతీయ ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఏ ఆ చుక్కను 36 మీటర్లకు తగ్గించినది. 2005 నాటి కార్టోశాట్-1 దానిని రెండున్నర మీటర్లకు దించగా, ఇంటికప్పులు వేరువేరుగ కానవచ్చినవి. ఒకే చోటుకు సంబంధించిన చిత్రములను ఏటివెంట ఏడు పేర్చినచో, చెరువు అంచున తొలుత మట్టిబాట, పిమ్మట గోడలు, ఆపై కప్పులు వరుసగ అవతరించుట తెలియును.

నీరు పరారుణ కిరణములను మ్రింగివేయును గనుక చిత్రమున నల్లగ కనిపించును. పచ్చని ఆకు వానిని తిరుగగొట్టును. ఈ సూత్రము సులభమే. చిక్కు అంతయు దక్కను చెరువులలోనే ఉన్నది. ఇవి కట్టకట్టి వాననీటిని నిలిపిన జలాశయములు. అక్టోబరులో నిండు చెరువైనది మే నెలలో బీటలువారిన నేల కావచ్చును. వర్షాకాలపు చిత్రమును వేసవి చిత్రముతో పోల్చి చెరువు సగమైనదని చాటువాడు పొరబడును. వేసవి చిత్రము చూపి ఇక్కడ చెరువే లేదని వాదించువాడు పొరబడడు, లోకమును పొరబెట్టును. మరియొక మాయ గుర్రపుడెక్క. అది నీటిని కప్పివేసినచో ఉపగ్రహపు కంటికి చెరువు పచ్చని చేనువలె తోచును.

కావున చెరువు హద్దును ఏ ఒక్క యేటి నీటితోను నిర్ణయింపరాదు. మత్తడి ఎత్తు ఎంతయో, ఆ మట్టమునకు నీరు ఎంతవరకు పరచుకొనునో అదియే పూర్తి నీటిమట్టపు రేఖ. మత్తడిని పగులగొట్టి ఎత్తు తగ్గించినచో ఆ రేఖయు లోపలికి జరిగిపోవును. దీనిని పట్టుటకు చిత్రము చాలదు; నేలమీద కొలత కావలెను.

ఇక చార్మినారు చుట్టుప్రక్కల ఉపగ్రహపు సామర్థ్యము మరింత సన్నగిల్లును. 1591లో వెలసిన ఆ నగరభాగము ఏనాడో కట్టడములతో నిండినది. ఒక దేవిడీ నిలిచియున్నను, అది పడిపోయి ఆ చోట దుకాణములు లేచినను, ముతక చిత్రమున రెండును కట్టిన నేలయే. అక్కడ ఉపకరించునది పాత కాగితము. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు పిమ్మట, లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన పురపాలక సర్వే పటములు నగరపు వీధులను, కట్టడములను వివరముగ గీచి ఉంచినవి. ఆ పటముపై నేటి చిత్రమును పరచి చూచినప్పుడు గాని ఏ ముంగిలి పూడినదో, ఏ తోట కరగినదో తేలదు.

2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆక్రమణలను నిరూపించుటకు పాత ఉపగ్రహ చిత్రములను కూడ ముందునకు తెచ్చినది. శివరాంపల్లి చెంత, అసఫ్‌జాహీల కాలపు బుమ్ రుక్నుద్దౌలా చెరువులోని ఆక్రమణలను తొలగించినది. ఈ పని అవసరమే. అయితే చిత్రము కప్పును చూపునుగాని అమ్మినవానిని చూపదు. తెలంగాణ చెరువులలో శిఖం భూమి అను వింత కలదు: నీరు తీసిన పిమ్మట దున్నుకొనుటకు హక్కు ఉండును, ఇల్లు కట్టుటకు ఉండదు. వేసవిలో ఎండిన ఆ నేలను, చేతిలోని పట్టా కాగితమును చూచి, కూడబెట్టిన సొమ్ము పోసి నూరు గజములు కొనువానికి ఈ భేదము ఎవరు చెప్పవలెను? పత్రము రిజిస్టరై, విద్యుత్తు మీటరు బిగిసి, పన్ను రసీదు చేతికి వచ్చిన పిమ్మట అది చెరువని వినుట అతనికి పిడుగుపాటే.

2005 చిత్రము 2005లోనే సిద్ధముగ ఉన్నది. లాండ్‌శాట్ నిలువయంతయు 2008లో ఉచితమైనది. మరుసటి ఏట ఇస్రోవారి భువన్ పటములు వెలువడినవి. యంత్రముతో కూల్చునాడు చూపు చిత్రమునే కొనుగోలుదారు సంతకము చేయునాడు రిజిస్ట్రారు కార్యాలయపు గోడమీద, మత్తడి మట్టపు రేఖతో సహా వ్రేలాడదీయుటకు కొత్త ఉపగ్రహము అక్కరలేదు.