కళ్ళు చెప్పే సాక్ష్యం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి ఇందా పేటలో చూపు విలువ, నిమిషం విలువ ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. రైలు నడిపే ఉద్యోగానికి కంటిపరీక్ష తప్పదు. మూర్ఛ ఉన్నవారికి ఆ ఉద్యోగం లభించదు. అందువల్ల కళ్ళముందు రంగుల చుక్కలు మెరిసినా, ఆ సంగతి దాచుకోవాలనిపించవచ్చు. కాని దాచి బండి నడిపితే ప్రమాదం ఒక్కరిది కాదు.

చూపుకు కేంద్రం మెదడు వెనుకభాగం. మూర్ఛ అక్కడ ఆరంభమైతే, కంటిలో ఏ దోషమూ లేకపోయినా రంగురంగుల గుండ్రని బిళ్ళలు కనబడవచ్చు. కళ్ళు ఒక పక్కకు తిరిగిపోవచ్చు. రెప్పలు టపటప కొట్టుకోవచ్చు. సాధారణంగా ఇదంతా కొన్ని సెకన్లలోనో, రెండు మూడు నిమిషాలలోనో ముగుస్తుంది. పార్శ్వపునొప్పికి ముందు కనబడే వంకరటింకర మెరుపుగీతలు మాత్రం మెల్లగా వ్యాపించి, 5 నిమిషాలు మొదలు గంటవరకు ఉంటాయి. ఈ తేడా తెలుసుకోవడానికి రోగి మాట, చూచినవారి సాక్ష్యం వైద్యునికి ఎంతో అవసరం.

కనుక ఎవరికైనా మూర్ఛ వచ్చినప్పుడు తాళంచెవుల కోసం పరుగెత్తకండి. ఇనుము మూర్ఛను ఆపదు. రోగిని ఒక పక్కకు ఒత్తిగిల్లేటట్లు పడుకోబెట్టండి. నోటిలో ఏమీ పెట్టకండి. కళ్ళు ఎటు తిరిగాయో, ఎంతసేపు పట్టిందో గమనించండి. 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి చేర్చండి.

హిందూ వివాహచట్టంలోని అనర్హతల నుండి మూర్ఛను 1999లో పార్లమెంటు తొలగించింది. క్రమంగా మందులు వాడితే చాలామందికి అది అదుపులో ఉంటుంది. దాచిన జబ్బుకు మాత్రం మందు లేదు.