సర్వర్ పడితే సూర్యుడేం చేశాడు?

ఏ పెద్ద వెబ్‌సైట్ ఆగిపోయినా క్షణాల్లో పుట్టుకొచ్చే జోకుల్లో సూర్యుడిది పాత పాత్రే. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌కు చెందిన సైమన్ ట్రవాల్యా రాసిన హాస్యకథల్లో ఓ దుర్మార్గపు సిస్టమ్ ఆపరేటర్ ఉంటాడు. ఫిర్యాదు చేసినవాళ్ల మీదికి విసరడానికి రోజుకో సాకు అచ్చేసిన క్యాలెండర్ అతని దగ్గరుంటుంది. అందులో బాగా పేరుకెక్కింది ‘సౌర జ్వాలలు’. ఆ సాకు ఇంకా చెల్లుతోందంటే ఆశ్చర్యం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నారు గానీ, ఈ మద్దెల 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉంది. అది ఖండన ఇవ్వదు, పరువునష్టం దావా వేయదు. నవ్వుకోవచ్చు. కాకపోతే, అసలు కారణాన్ని తర్వాత రాసి బయటపెట్టేవాళ్లు వేసినప్పుడే అది జోకు. బయటపెట్టని చోట అదే జవాబై కూర్చుంటుంది.

2024 ఫిబ్రవరి 22 తెల్లవారుజామున అమెరికాలో ఏటీ అండ్ టీ మొబైల్ నెట్‌వర్క్ దేశవ్యాప్తంగా పడిపోయింది. అంతకు కొద్ది గంటల ముందే సూర్యుడిపై అత్యంత తీవ్రమైన ఎక్స్ తరగతి జ్వాలలు రెండు ఎగసిపడ్డాయి. ఇంకేం, నిందితుడు దొరికాడు! అయితే జ్వాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాల దెబ్బ ఎండ తగిలే వైపునే ఉంటుంది. అదీ ఓడలు, విమానాలు వాడే షార్ట్‌వేవ్ రేడియోకే ఎక్కువ. రెండో జ్వాల ఎగసిన సమయానికి అమెరికాలో రాత్రి, మనకేమో మిట్టమధ్యాహ్నం. నేరుగా దాని ఎదుట ఉన్న మన ఫోన్లకు ఏమీ కాలేదు. పైగా సూర్యుడు ఒక్క కంపెనీ చందాదారులనే ఏరి దెబ్బకొట్టడం ఎలా సాధ్యం? జులైలో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నివేదిక ఇచ్చింది. నెట్‌వర్క్‌ను విస్తరిస్తూ రాత్రిపూట ఒక పరికరాన్ని తప్పుడు సెట్టింగులతో తగిలించారు, ముందుగా జరగాల్సిన తనిఖీ జరగలేదు. ఫలితంగా కనీసం 12 గంటల అంతరాయం, ఆగిపోయిన కాల్స్ 9.2 కోట్లకు పైనే. అత్యవసర నంబరు 911కు చేసిన 25 వేలకు పైగా కాల్స్ కలవనే లేదు. ఇక్కడికొచ్చేసరికి జోకు చేదెక్కుతుంది.

మిగతా పెద్ద అంతరాయాల చిట్టా విప్పినా ఇదే కథ. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరు గంటలపాటు మాయమైంది నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక్క కమాండ్ వల్ల. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్ట అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడుకోబెడితే, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఎన్నో వెబ్‌సైట్లు ఆధారపడే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో 2025 నవంబరు 18 నాటి ఉదంతం మరీ విచిత్రం. డేటాబేస్ అనుమతుల్లో చేసిన చిన్న మార్పుతో ఒక ఫైలు పరిమాణం రెట్టింపై, దాన్ని చదవాల్సిన సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. ఆ ఇంజినీర్లు కూడా తొలుత ఎవరో బయటివాళ్లు దాడి చేస్తున్నారనే అనుమానించారు. తప్పు మనింట్లో ఉందని చివర్న తోచడం మానవ నైజం కాబోలు. వాళ్లు అదే రోజు జరిగింది జరిగినట్టు ప్రకటించారు. అంతకు వారం ముందు నిజంగానే తీవ్రమైన సౌర తుపాను వచ్చింది. వెబ్‌సైట్లు మాత్రం నిక్షేపంగా నడిచాయి.

అలాగని సూర్యుడిని పూర్తిగా నిర్దోషిగా వదిలేయలేం. 1989 మార్చి 13న భూ అయస్కాంత తుపాను ధాటికి కెనడాలోని క్యూబెక్ విద్యుత్ గ్రిడ్ నిమిషంన్నరలో కూలి, 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. అంతకు మించిన తుపాను వస్తే సముద్ర గర్భ కేబుళ్లలో సంకేతాల బలం పెంచే రిపీటర్ల గతేమిటన్న పరిశోధకుల ఆందోళనా సహేతుకమే. తీవ్ర సౌర వికిరణం విమాన నియంత్రణ కంప్యూటర్లోని డేటాను చెడగొట్టవచ్చని 2025 నవంబరులో ఎయిర్‌బస్ చెప్పింది. మన దేశంలోనివి సహా దాదాపు 6 వేల ఏ320 శ్రేణి విమానాలకు మరమ్మతు చేయాల్సి వచ్చింది. కానీ ఆ మరమ్మతు ఏమిటో చూడండి: చాలావాటిలో పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లడం. అంటే సూర్యుడి పాత్ర ఉన్న చోటా సరిదిద్దాల్సింది నేల మీదే. పైగా నిజమైన సౌర తుపాను ఆనవాళ్లు వదలకుండా పోదు. 2024 మే నెలలో రెండు దశాబ్దాల్లోకెల్లా బలమైనది వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎరుపెక్కింది, అమెరికాలో నాట్ల వేళ ట్రాక్టర్ల జీపీఎస్ గాడి తప్పింది.

మన దగ్గర సూర్యుడిని అంత దూరం నుంచి పిలిపించే శ్రమ కూడా అక్కర్లేదు. ‘సర్వర్ డౌన్’ అంటే సరిపోతుంది. మీసేవలోనూ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ అదే మాట. ఎందుకు డౌనైందో కౌంటర్లో ఉన్నవాడికీ తెలియదు, పాపం. కారణం చెబితే సామాన్యుడికి ఏం ఒరుగుతుందని అడగొచ్చు. యూపీఐ సంగతే చూడండి. 2025 ఏప్రిల్ 12న అది మొరాయించింది. చెల్లింపు ఏమైందంటూ కొన్ని బ్యాంకుల నుంచి విచారణలు వరదలా వచ్చిపడటమే కారణమని దాన్ని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. ఆగస్టు 1 నుంచి ఆ విచారణలకు, బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా పరిమితులు వచ్చాయి. కారణం బయటపడింది కాబట్టే నిబంధన పుట్టింది.

భద్రతా రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరమూ ఉంది. సైబర్ దాడి అయితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నిబంధన ఉంది. దర్యాప్తు సాగుతుండగా వివరాలు దాచడమూ సబబే. అయితే సొంత పొరపాటుతో ఆగిన సేవకు ఆ ముసుగెందుకు? ఎప్పుడు ఆగింది, ఏ మార్పు చేస్తుండగా ఆగింది, మళ్లీ జరగకుండా ఏం చేశారు అన్నది మరమ్మతు అయ్యాక తెలుగులో నాలుగు వాక్యాలు రాసి అదే సైట్లో పెడితే హ్యాకర్లకు దక్కేదేమీ లేదు. ఒకవేళ నిజంగా సూర్యుడి పనే అయితే ఆ మాటే రాయొచ్చు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య ఎల్1 ఆయన్ని రాత్రింబవళ్లు చూస్తూనే ఉంది. తేదీ, సమయం చెబితే సరిచూసుకుంటాం.