మరమేకు కనబడని సొగసు

ఇటీవల మన ఉద్యోగులపై ఒక విమర్శ తరచుగా వినవస్తున్నది. జీతాలు చాలడం లేదని ధర్నాలు చేసేవారి చేతుల్లో అంత నాజూకు ఫోన్లెందుకు, చెవుల్లో ఆ తెల్లని ఇయర్‌బడ్స్ ఎందుకు, మణికట్టున మెరిసే గడియారమెందుకు అన్నది ఆ విమర్శ. ఎంతమంది ట్రాక్‌మన్ల జేబులో లక్ష రూపాయల ఫోను ఉన్నదో, ఎంతమంది గ్రామీణ డాక్ సేవకులు దానిని వాయిదాలు లేకుండా కొనగలిగారో ఈ విమర్శకులు లెక్క తీసి చెప్పలేదు. చెప్పరు కూడా. అయినా ఆ లెక్కలలోకి వెళ్లి మనం సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం లేదు. ఉంటే తప్పేమిటన్నదే మన మొదటి సమాధానం.

విచారకరమైన విషయమేమంటే, మనలోని కొందరు పెద్దలు కూడా ఇదే పాటను వేరే రాగంలో పాడుతున్నారు. సొగసు అంతా పెట్టుబడిదారీ మాయ అనీ, పనిచేసే వస్తువు చాలుననీ, రూపం గురించి ఆలోచించడం శ్రామికునికి తగదనీ వారి అభిప్రాయం. వారి నిరాడంబరతపై నాకు గౌరవమున్నది. కాని ఈ వాదనతో నేను ఎంతమాత్రమూ ఏకీభవించను. ఆవిరి ఇంజనుల కాలంలో తన ఇంజనుకున్న ఇత్తడి భాగాలను డ్రైవరూ ఫైర్‌మనూ అద్దంలా తోమి మెరిపించుకొనేవారు. ఆ మెరుపు వల్ల బండి వేగం పెరగదు, భత్యం పెరగదు. తాను చేపట్టిన వస్తువు అందంగా ఉండాలన్న కోరిక శ్రమించే మనిషికి సహజం. దానిని ధనికులకు వదిలివేయడం విప్లవమూ కాదు, వివేకమూ కాదు.

నిజానికి రూపకల్పన అంటే ఏమిటో మన శాఖల వారికి ఒకరు నేర్పనక్కరలేదు. యాంత్రిక సిగ్నల్ కేబిన్లు చాలావరకు కనుమరుగైనా, అందులో పనిచేసిన లీవర్‌మన్ కంటికి ఆ మీటల వరుస ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఆపుదల సిగ్నలుకు ఎరుపు, పాయింట్లకు నలుపు, లాకులకు నీలం, వాడుకలో లేనిదానికి తెలుపు. ఆ రంగులు కంటికింపుగానే ఉండేవి. కాని వాటిని ఇంపు కోసం వేయలేదు, నిద్రలేని రాత్రి మూడవ జామున చేయి పొరబడకూడదని వేశారు. ఎర్రని తపాలా పెట్టె వీధి చివరినుంచే కనిపించడంలోనూ ఇదే వివేకమున్నది. 1948లో బెంగుళూరులో స్థాపితమైన ఐ.టి.ఐ. తయారుచేసిన నల్లని డయల్ టెలిఫోను సంగతి తీసుకోండి. దాని పొట్ట విప్పితే లోపలి తీగలన్నీ లైన్‌మన్‌కు అర్థమయ్యేవి. (ఆ ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులను నేను కీర్తించబోవడం లేదు. ఆ నిరీక్షణకు ఫోను రూపం బాధ్యత వహించదు.)

అమెరికా రూపశిల్పులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ రూపకల్పన సంస్థ వెలసింది ఆ నివేదిక ప్రేరణతోనే. భారతదేశంలో తాము చూచిన వస్తువులలో అత్యుత్తమమైనదిగా వారు ఎన్నుకున్నది దేనినో తెలుసునా? మన ఇంటి చెంబును! అది అరచేతిలో ఎలా ఇముడుతుంది, నడుముపై ఎలా నిలుస్తుంది, నీరు వంపినప్పుడు ధార ఎలా పడుతుంది, తోమడానికి వీలుందా అని ఒక్కొక్కటే ప్రశ్నించుకుంటూ పోయి, చివరికి పాతబడ్డాక ఆ లోహానికి ఏమి విలువ మిగులుతుందన్న ప్రశ్న కూడా వారు వేసుకున్నారు. పాతసామాన్ల వాడికి చెంబు వేసి కొత్త గిన్నె తెచ్చుకున్న ప్రతి గృహిణికీ ఆ చివరి ప్రశ్న తెలిసినదే. రూపశిల్పానికి ఇంతకంటె మంచి గీటురాయి నాకు కనబడలేదు.

ఇప్పుడు నేటి సొగసును ఆ గీటురాయిపై గీసి చూద్దాం.

రైల్వే మెయిల్ సర్వీసులో నాతో పనిచేసిన మిత్రుడొకరు దసరా బోనస్ డబ్బుతో ఇయర్‌బడ్స్ కొనుక్కున్నారు. చూడముచ్చటైన వస్తువు. నదిలో నునుపుదేరిన గులకరాయి వంటి డబ్బీ, అందులో రెండు తెల్లని మొగ్గలు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి పోయే బస్సులో పాత పాటలు వినడం ఆయనకు ఏకైక విలాసం. మూడవ సంవత్సరం వచ్చేసరికి ఒక మొగ్గ పది నిమిషాలకే మూగబోసాగింది. సంస్థవారి సేవాకేంద్రంలో మరమ్మతు అన్న మాటే లేదన్నారు, కొత్తది కొనుక్కొమ్మన్నారు. కోఠీ గుజరాతీ గల్లీలోని మెకానిక్ దానిని గోటితో అటూ ఇటూ తిప్పి చూచి, "ఇది తెరవడానికి చేసింది కాదన్నా, పగలగొట్టడానికే వీలు" అన్నాడు. ఎక్కడా ఒక మరమేకు లేదు, అతుకు లేదు, గీత లేదు. ఆయన ముచ్చటపడి కొన్నది ఆ నునుపునే. చెడిపోయిన తరువాత లోపలికి దారి లేకుండా చేసినదీ ఆ నునుపే. లోపల చెడినది వేలిగోరంత బ్యాటరీ మాత్రమే.

నా వాదమంతా ఇక్కడే ఉన్నది. సొగసు మనకు శత్రువు కాదు. మరమేకును దాచివేసి, దానినే సొగసని నమ్మించడం మనకు శత్రువు. మరమేకు అంటే యజమాని హక్కు. అది కనబడినంత కాలం వస్తువు కొన్నవానిది. అది మాయమైన నాడు వస్తువు మన జేబులో ఉన్నా తాళంచెవి కంపెనీ జేబులో ఉంటుంది.

ఈ ఎత్తుగడ నిన్నటిది కాదు. హెన్రీ ఫోర్డు 1914 నుంచి 1925 వరకు తన మోడల్ టి కారును నలుపు రంగులోనే అమ్మాడు. అతని పోటీదారైన జనరల్ మోటార్స్ 1927లో కళ, వర్ణ విభాగమొకటి నెలకొల్పి, ఏటేటా రూపం మార్చి, బాగా నడుస్తున్న కారును కూడా యజమాని కంటికి పాతదిగా కనబడేట్లు చేసింది. అయితే ఆ కారు పాతదిగా కనబడినా దాని బానెట్ తెరుచుకునేది. నేటి కంపెనీలు ఆ బానెట్‌నే అతికించివేశాయి. 2011లో ఆపిల్ సంస్థ తన ఐఫోన్ 4కు సాధారణ మరమేకులు తీసివేసి ఐదు రేకుల తల గల కొత్తరకం మేకులు బిగించింది. ఏ వీధి మెకానిక్ దగ్గరా అప్పటికి దానికి సరిపడే స్క్రూడ్రైవరు లేదు. 2016లో అదే సంస్థ ఫోనులో హెడ్‌ఫోను గుచ్చే రంధ్రాన్ని తొలగించి, అదే ఏడు తీగలేని ఇయర్‌బడ్స్‌ను ప్రవేశపెట్టింది. రంధ్రం పోయింది, నునుపు పెరిగింది, కొనవలసిన వస్తువు మరొకటి తోడైంది.

2017 డిసెంబరులో జరిగినది ప్రత్యేకంగా గమనార్హం. బ్యాటరీ బలహీనపడిన పాత ఫోన్ల వేగాన్ని తాను తగ్గిస్తున్నట్లు ఆపిల్ అంగీకరించింది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామని సంజాయిషీ చెప్పింది. అలాగే అనుకుందాం. కాని కొత్త బ్యాటరీ వేస్తే ఆ ఫోను మళ్లీ మునుపటి వేగంతో పనిచేస్తుందన్న విషయం వాడుకరికి ముందుగా ఎందుకు చెప్పలేదు? ఫోనే ముసలిదైందనుకొని కొత్తది కొన్నవారెందరో! 2020లో అమెరికాలో ఆ వ్యాజ్యాన్ని పరిష్కరించుకొనేందుకు 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఆ సంస్థ ఒప్పుకొన్నది, తప్పును మాత్రం ఒప్పుకోలేదు.

కంపెనీల తరఫున ఒక వాదన ఉన్నది. ఫోను పలుచగా ఉండాలన్నా, నీటికి తట్టుకోవాలన్నా జిగురుతో మూయక తప్పదని వారంటారు. ఇది పూర్తిగా అబద్ధమని నేననను, పలుచదనానికి జిగురు సులువైన మార్గమే. కాని 2014లో శామ్‌సంగ్ విడుదల చేసిన గెలాక్సీ ఎస్ 5 నీటిని తట్టుకునేది, దాని వెనుక మూతను గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవడమూ సాధ్యమయ్యేది. చేయగలిగినదే చేయడం మానివేశారన్నమాట. ఛార్జర్ల విషయంలోనూ ఇదే కథ. అందరికీ ఒకే రకమైన ఛార్జరు ఉండాలని ఐరోపా సమాఖ్య శాసనం చేయబోతే, కొత్త ఆవిష్కరణలకు గొడ్డలిపెట్టని ఆపిల్ అభ్యంతరం చెప్పింది. శాసనం ఆమోదం పొందిన తరువాత 2023లో తన ఐఫోను 15కు ఆ రంధ్రమే పెట్టింది. ఫోను సొగసు ఇసుమంతైనా తగ్గలేదు. 2025 జూన్ నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, అమ్మకం నిలిపివేసిన తరువాత కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు దొరకాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. మన దేశంలో 2022 డిసెంబరులో ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్ సమాచారమిస్తుంది, శాసనం బాధ్యతను విధిస్తుంది. ఈ రెంటికీ గల తేడా మన సభ్యులకు వివరించనక్కరలేదు.

పాతబడ్డ చెంబుకు విలువ కట్టినట్లే ఈ వస్తువులకూ కట్టి చూస్తే భయం పుడుతుంది. 2022లో ప్రపంచం పోగుచేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి అంచనా. సక్రమంగా సేకరించి తిరిగి వినియోగించినట్లు నమోదైనది అందులో నాలుగవ వంతు కూడా లేదు. ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్ల ఈ నునుపైన వస్తువులను సుత్తితో పగలగొట్టి, తీగలు కాల్చి రాగి తీసుకుంటున్నది కూడా మన వంటి శ్రామికులే.

వాటిని తయారుచేస్తున్న చేతులను గురించి కూడా ఒక్క మాట చెప్పాలి, అతుకు కనబడని వస్తువులో వారూ కనబడరు గనుక. 2006లో శ్రీపెరుంబుదూరులో ఉత్పత్తి ప్రారంభించిన నోకియా కర్మాగారం 2014లో మూతపడి వేలాది కార్మికులు వీధినపడ్డారు. 2021 డిసెంబరులో అదే ప్రాంతంలో ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ మహిళా కార్మికులు, వసతిగృహంలో కలుషితాహారం తిని వందమందికి పైగా అస్వస్థులు కావడంతో జాతీయ రహదారిపై బైఠాయించారు. ఇటు శ్రీసిటీలోను, అటు కొంగరకలాన్‌లోను ఇప్పుడు మన తెలుగు ఆడపడుచులు ఇటువంటి కర్మాగారాలలోనే పనిచేస్తున్నారు.

నా చేతికి ఇప్పటికీ ఒక హెచ్.ఎం.టి. గడియారమున్నది. ఉద్యోగంలో చేరిన ఏడు కొన్నది, రోజూ కీ ఇవ్వవలసిన రకం. ఆ గడియారాల సంస్థను మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అయినా స్టేషను బయట మేజా వేసుకున్న ముసలాయన దాని వెనుక మూత తీసి, దుమ్ము దులిపి, చచ్చిపోయిన మరో గడియారం నుంచి తీసిన పళ్లచక్రం వేసి నడిపిస్తున్నాడు. దానిని చూచి ముచ్చటపడని కుర్రవాడు మా ఆఫీసులో లేడు. తెరవగలిగిన వస్తువు అందంగా ఉండదన్న వారికి దానిని చూపిస్తుంటాను.

ఇక మనం చేయవలసినది. ఫోను కొనే సభ్యుడు దుకాణంలో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు బ్యాటరీ ఎవరు మారుస్తారు, ఎంతవుతుంది, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అని అడగాలి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. టిక్కెట్ తనిఖీకని, తపాలా బట్వాడాకని మన ఉద్యోగుల చేతికి నేడు యంత్రాలు ఇస్తున్నారు. వాటి బ్యాటరీ మధ్యదారిలో చచ్చిపోతే జవాబుదారీ ఎవరిది, పనిచేసేవానిదా, కొన్నవారిదా? ఇటువంటి యంత్రాల కొనుగోలు టెండర్లలో సాధారణ స్క్రూడ్రైవరుతో బ్యాటరీ మార్చే వీలు, కనీసం ఏడేళ్ల విడిభాగాల హామీ తప్పనిసరి షరతులుగా ఉండాలన్న అంశాన్ని శాఖా కమిటీలు తీర్మాన రూపంలో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగపు తదుపరి సమావేశానికి పంపాలి.