ఓ లోపమా, రేపు రా!

తొంభైలలో మన ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది, గుర్తున్నదా? రాత్రి వచ్చిన దయ్యం ఆ మాట చదివి వెనుదిరుగుతుందనీ, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుకొని పోతుందనీ జనం నమ్మకం. దయ్యానికి తేదీలు రాసుకునే అలవాటు లేదన్న ధైర్యం మీదనే ఆ ఉపాయమంతా నిలిచింది. విమానంలోని లోపాన్ని కూడా అట్లాగే పంపివేయవచ్చుననుకునే చిన్న విమాన సంస్థల మీద నాకున్న ఆగ్రహమే ఈ టపా.

మరమ్మతు వాయిదా పడిన విమానాన్ని ఎగరనివ్వడమే నేరమని ఒక మిత్రుడు వాదించాడు. నేనందుకు ఒప్పుకోను. ఏ పరికరం పనిచేయకున్నా, ఏ షరతులతో, ఎన్నాళ్ళు విమానం క్షేమంగా ఎగరవచ్చునో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని ఎం.ఇ.ఎల్. అంటారు. అమెరికా పద్ధతిలో బి తరగతి లోపానికి 3 రోజులు, సి తరగతికి 10, డి తరగతికి 120 రోజులు గడువు. ఎ తరగతికి గడువు ఆ పద్దులోనే రాసి ఉంటుంది. సీటు పైన దీపం వెలగలేదని విమానాన్ని నిలిపివేయమనడం వివేకం కాదు. వాయిదా కూడా ఒక అప్పే. అప్పు చేసినవాణ్ణి నేను తప్పు పట్టను. పద్దు రాయనివాణ్ణి మాత్రం క్షమించలేను.

పద్దు రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 1991 సెప్టెంబరు 11న కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి 2574 నంబరు విమానం, ఎంబ్రాయర్ 120 రకానిది, టెక్సాస్‌లోని లరేడో నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. ఈగిల్ లేక్ అనే ఊరి దగ్గర గాలిలోనే విరిగిపోయింది. అందులోని 14 మందీ మరణించారు.

దానికి ముందు రాత్రి హ్యాంగర్‌లో ఆ విమానం తోక మీది అడ్డరెక్క అంచులకు, మంచును విదల్చే రబ్బరు తొడుగులు మార్చే పని పెట్టుకున్నారు. సాయంకాలపు షిఫ్టులోని ఇన్‌స్పెక్టరు, పరీక్షించవలసినవాడే, మెకానిక్కులకు సాయంగా పైకెక్కి కుడివైపు మరలతో పాటు ఎడమవైపు పైభాగం మరలు కూడా ఊడదీశాడు. అవి 47. ఈలోగా షిఫ్టు మారింది. ఎడమవైపు తొడుగు మార్చడానికి ఆ రాత్రి సమయం చాలదని, కుడివైపు మాత్రమే పూర్తిచేశారు. ఎడమవైపు పని అప్పటికే సగం మొదలైందన్న సంగతి పని కార్డుల మీదకు ఎక్కనే లేదు. ఆ ఇన్‌స్పెక్టరు తొడుగులు తీయడంలో సాయపడ్డానని పుస్తకంలో ఒక ముక్క రాసి ఇంటికి వెళ్ళాడు. కానీ తరువాతి ఇన్‌స్పెక్టరు అంతకు ముందే ఆ పుస్తకం చూసేశాడు! ఆ రెక్క తోక శిఖరాన ఉంటుంది గనుక, దాని పైభాగం నేల మీద నిలబడి చూసే పైలటుకు కనిపించదు. ఉదయం ఒక ప్రయాణం క్షేమంగా ముగిసింది. రెండవదానిలో ఆ అంచు ఊడిపోయింది.

"మెకానిక్కుల నిర్లక్ష్యం" అని ఒక్క మాటతో దులిపేసుకునే పెద్దలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి కూడా పనివారు పద్ధతులు పాటించకపోవడాన్నే ప్రధాన కారణమన్నది. యాజమాన్యాన్నీ, పర్యవేక్షించవలసిన ప్రభుత్వ శాఖనూ తోడు కారణాలుగా వెనుక వరుసలో నిలబెట్టింది. మండలి సభ్యుడు జాన్ లాబర్ ఒక్కడే విభేదించాడు. అటువంటి సంస్కృతిని పెంచిన యాజమాన్యమే అసలు కారణంలో ఉండాలన్నాడు. నా ఓటు ఆయనకే.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కదా, గడువు దాటగానే ఎర్రగా చూపిస్తాయి కదా అంటారు. చూపిస్తాయి, మనం చెప్పినదాన్నే. పాత లోపాన్ని "సరిచేశాము" అని మూసివేసి, మరునాడు అదే లోపాన్ని కొత్త పద్దుగా తెరిస్తే గడువు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. తెర అంతా పచ్చగా కళకళలాడుతుంది. తలుపు మీది రాతకూ దీనికీ తేడా ఏమిటి? పైగా ఒక్కొక్క వాయిదా విడిగా సక్రమమే. వాతావరణ రాడారు వాయిదా, మంచును తొలగించే ఏర్పాటులో ఒక భాగం వాయిదా. రెండింటికీ అనుమతి ఉంది. ఆ రెండూ ఒకే మబ్బులో కలుసుకుంటాయని ఎవరు చూడాలి? జాబితా ఆ పూచీని సంస్థకే వదిలిపెట్టింది.

పెద్ద సంస్థకు మారు విమానం ఉంటుంది. చిన్న సంస్థకు ఉన్నవే నాలుగైతే, ఒకటి ఆగితే నాలుగూళ్ళ ప్రయాణికులు నిలిచిపోతారు. అందుకే అక్కడ వాయిదా తీపి. అందుకే అక్కడే లెక్క మరింత గట్టిగా ఉండాలి. విమానానికొక పద్దు పుస్తకం, అందులో నేటి వాయిదాలే గాక మూసిన వాయిదాల చరిత్ర కూడా. ఒకే లోపం మళ్ళీ తలెత్తితే పాత గడువే కొనసాగాలి. ఆ పుస్తకం పట్టుకున్న మనిషి, సమయపాలనకు జవాబు చెప్పే అధికారి కింద ఉద్యోగి కాకూడదు. "ఈ విమానం నేడు కదలదు" అన్నందుకు అతని ఉద్యోగం కదలకూడదు.

రాజమండ్రి నుంచో కడప నుంచో చిన్న విమానాలెక్కే మనవాళ్ళలో ఎవరైనా ఈ రంగంలో పనిచేస్తూ ఉంటే, మీ సంస్థ పేరు చెప్పనక్కరలేదు గానీ, ఆ పుస్తకం ఎవరి బల్ల మీద ఉంటుందో మాత్రం నాలుగు ముక్కలు రాయండి.