పోయినవారికి దక్కవలసిన మర్యాద

ఏటా డిసెంబరు 23వ తేదీన మాజీ ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు వర్ధంతి జరుగుతుంది. ఆ ఉదయం విగ్రహాలకు, చిత్రపటాలకు పూలదండలు పడతాయి. కార్యాలయాల్లో రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఎవరో ఒకరు ఆయన బహుభాషా కోవిదుడని, ఆర్థిక సంస్కరణల పితామహుడని నాలుగు మాటలు చెబుతారు. ఫొటోలు దిగుతారు. పది నిమిషాల్లో తంతు ముగుస్తుంది. మరునాటికి దండ వాడిపోతుంది, మాటలు మరుగున పడతాయి. ఒక పెద్ద నాయకుడిని స్మరించుకునే పద్ధతి ఇదేనా అని ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

శ్రీ పి.వి. ఈ ప్రాంతానికి పరాయివారు కారు. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. దత్తత వచ్చి, అప్పటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో పెరిగారు. 2016లో జిల్లాల పునర్విభజన జరగడంతో వంగర ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. మంథని ప్రజలు ఆయనను 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు శాసనసభకు పంపారు. హనుమకొండ ఓటర్లు 1977, 1980 ఎన్నికల్లో లోక్‌సభకు పంపారు. 1984లో అదే హనుమకొండలో ఆయనను ఓడించి భారతీయ జనతా పార్టీకి చెందిన శ్రీ చందుపట్ల జంగారెడ్డిని గెలిపించినదీ ఈ ఓటర్లే. గెలిపించడం, ఓడించడం రెండూ ప్రజల హక్కులు. ఆ హక్కులను ఈ ప్రాంతం నిస్సంకోచంగా వాడుకుంది. ఆ ఓటమి తర్వాత కూడా పి.వి. ఈ నేల బిడ్డగానే మిగిలారు.

అటువంటి నాయకుడికి మరణానంతరం దక్కిన మర్యాద ఎలాంటిదో దేశమంతా చూసింది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆయన కన్నుమూశారు. వయస్సు 83 సంవత్సరాలు. మరునాడు భౌతికకాయాన్ని విమానాశ్రయానికి తరలిస్తూ అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ ప్రధాన కార్యాలయం ముందు ఆపారు. ఆయన ఆ పార్టీకి అధ్యక్షుడిగా పనిచేశారు. ఆ పార్టీ తరఫున అయిదేళ్లు దేశాన్ని పాలించారు. అయినా కార్యాలయం గేటు తెరుచుకోలేదు. వాహనం కొంతసేపు రోడ్డుపైనే నిలిచి, అక్కడి నుంచే కదిలిపోయింది. అంత్యక్రియలు ఢిల్లీలోనే జరపాలని కుటుంబ సభ్యులు కోరుకున్నారని, హైదరాబాదుకు తీసుకువెళ్లేలా వారిని ఒప్పించారని తరువాత వెలువడిన రచనల వల్ల, కుటుంబ సభ్యుల మాటల వల్ల తెలియవచ్చింది.

హైదరాబాదు జూబిలీ హాలులో ప్రజల సందర్శనార్థం ఉంచిన పిమ్మట, డిసెంబరు 25న హుస్సేన్‌సాగర్ ఒడ్డున అధికార లాంఛనాలతో దహన సంస్కారం జరిగింది. అప్పటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ హాజరయ్యారు. పెద్దలు వచ్చారు, వెళ్లారు. ఆ రాత్రి చితి పూర్తిగా కాలకుండానే, కాపలా లేకుండా ఉన్నదంటూ టెలివిజన్‌లో వచ్చిన దృశ్యాలు చూసి తెలుగు ప్రజలు తల్లడిల్లారు. తుపాకులు పేల్చి గౌరవ వందనం చేసిన ప్రభుత్వానికి, చితి చల్లారే దాకా నలుగురు మనుషులను అక్కడ నిలబెట్టడం పెద్ద పనేమీ కాదు. లాంఛనం పూర్తయితే బాధ్యత తీరిందనుకోవడం వల్లనే ఇటువంటివి జరుగుతాయి.

ఈ విషయంలో పల్లెలకు ఉన్న పాటి సంస్కారం రాజధానికి లేకపోవడం శోచనీయం. ఊళ్లలో ఎన్ని పంచాయితీలున్నా, గెట్టు తగాదాలతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నా, ఎదుటి ఇంట్లో చావు జరిగితే ఆ వాకిట నిలబడతారు. పెండ్లికి పిలుపు కావాలి గాని చావుకు పిలుపు అక్కరలేదు. మాటలు లేని దాయాది కూడా వచ్చి పాడెకు భుజం పడతాడు. దప్పు మోగుతుంటే వాడకట్టంతా వెంట నడుస్తుంది. కాటి దగ్గర చితి అంటుకుని గట్టిపడే దాకా ఎవరో ఒకరు ఉంటారు. చనిపోయినవాడు మంచివాడా, చెడ్డవాడా అన్న తీర్పు ఆ రోజు ఎవరూ చెప్పరు. ఆ తగవు తీరిందని కూడా ఎవరూ అనుకోరు. గెట్టు కేసు మళ్లీ వాయిదాకు నడుస్తుంది. మనిషికి ఇచ్చే ఆఖరి మర్యాద వేరు, మనిషితో ఉన్న తగవు వేరు. అక్షరం రాని ముసలమ్మకు తెలిసిన ఈ తేడా, దేశాన్ని ఏలే పార్టీల పెద్దలకు తెలియకపోవడమే విడ్డూరం.

పి.వి. పాలనలో తప్పులు లేవని ఎవరూ అనలేరు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చినప్పుడు ప్రధాని ఆయనే. ఆ కూల్చివేతను ఆపలేకపోయారన్న ఆరోపణ ఆయనను జీవితాంతం వెంటాడింది. 1984లో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగిన నాడు హోం మంత్రి కూడా ఆయనే. పార్లమెంటు సభ్యులకు లంచం ఇచ్చారన్న కేసులో 2000లో కింది కోర్టు శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఆయన తెచ్చిన ఆర్థిక విధానాల వల్లనే పల్లెల్లో వ్యవసాయం చితికిందని, సిరిసిల్ల నేతన్నలు అప్పుల పాలయ్యారని వాదించేవారు ఈ జిల్లాల్లోనే ఎందరో ఉన్నారు. 1991లో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు కూడా చాలని స్థితిలో, బంగారం కుదువ పెట్టవలసి వచ్చిన రోజుల్లో దేశాన్ని గట్టెక్కించారని మెచ్చుకునేవారూ అంతకంటె ఎక్కువ మందే ఉన్నారు. ఈ రెండు పక్షాల వాదనా సాగవలసిందే. చనిపోయాడు గనుక నోరు మూసుకోవాలని చెప్పడం ప్రజాస్వామ్యం కాదు. అయితే ఆ వాదన జరగవలసిన చోటు సభలు, పత్రికలు, పుస్తకాలు. శవం వచ్చి గుమ్మం ముందు ఆగినప్పుడు గేటు మూయడం వాదన కిందికి రాదు.

ఆనాడు చేసిన లోపాన్ని దిద్దే ప్రయత్నాలు తరువాత వరుసగా జరిగాయి. 2009లో హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా కట్టిన వంతెన దారికి ఆయన పేరు పెట్టారు. 2015లో ఢిల్లీలో స్మారకం వెలిసింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం శతజయంతి ఉత్సవాలు ప్రారంభించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో శాసనసభ ఆయనకు భారతరత్న ఇవ్వాలని తీర్మానించింది. మజ్లిస్ పార్టీ ఆ తీర్మానాన్ని వ్యతిరేకించింది. అది వారి అభిప్రాయం, అంతవరకు సక్రమమే. 2021 జూన్ 28న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 26 అడుగుల కాంస్య విగ్రహం లేచింది. 2024లో కేంద్రం భారతరత్న ప్రకటించింది. మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ఆయన కుమారుడు దానిని అందుకున్నారు. అప్పటికి పి.వి. పోయి దాదాపు ఇరవై ఏళ్లు.

ఇవన్నీ హర్షించదగినవే. కాని ఒక సంగతి గమనార్హం. ఆయన సొంత పార్టీ మరచిపోయిన పేరును ఇతర పార్టీలు ఎత్తుకున్నాయి. ఒక పార్టీని ఇరుకున పెట్టడానికి మరో పార్టీకి ఆయన పేరు అక్కరకు వచ్చింది. బతికినంతకాలం ఆయనను తిట్టినవారు కూడా వేదికలెక్కి పొగిడారు. గౌరవం ఆలస్యమైతే దానిలో లెక్కలు చేరతాయి. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్న పోటీలో పోయినవాడు వెనకబడిపోతాడు. ఆ రోజు ఒక గేటు తెరిచి ఉంటే రెండు దశాబ్దాల ఈ పోటీకి తావే ఉండేది కాదు.

2024 డిసెంబరు 26న డాక్టర్ మన్మోహన్ సింగ్ చనిపోయినప్పుడు ఈ పాత గాయం మళ్లీ రేగింది. 1991లో ఆయనను ఆర్థిక మంత్రిగా తెచ్చినవారు పి.వి.యే. డాక్టర్ సింగ్ భౌతికకాయాన్ని అక్బర్ రోడ్డులోని అదే కార్యాలయంలోకి తీసుకువెళ్లి ఉంచారు. కార్యకర్తలు బారులు తీరి నివాళులర్పించారు. అలా జరగడం న్యాయం. కాని స్మారకానికి స్థలం ఎక్కడ, దహనం ఎక్కడ అన్న దానిపై చితి ఆరకముందే పార్టీల మధ్య వాగ్వాదం మొదలైంది. ఇరవై ఏళ్లలో నేర్చుకున్నది సగమేనని దీని వల్ల తేలింది.

ఇందులో ఢిల్లీని, హైదరాబాదును మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. నాయకులు పోయినప్పుడు మండలాల్లో, పట్టణాల్లో జరిగే తతంగం కూడా చూడాలి. కబురు తెలియగానే కొందరు యువకులు బజారులోకి వచ్చి దుకాణాలు మూయిస్తారు. బలవంతపు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అయినా పరిపాటి మారలేదు. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడమనిషి ఆ పూట ఉత్త చేతులతో ఇంటికి పోతుంది. ఆసుపత్రికి పోవలసిన రోగి బస్సు కోసం నిలబడిపోతాడు. ఆ నాయకుడే బతికి ఉంటే దీనికి ఒప్పుకుంటాడా అని ఎవరూ అడగరు. తనంత తాను షట్టరు దించుకునే దుకాణదారు చేసిన సంతాపం ముందు, కర్ర చూపించి మూయించిన వంద దుకాణాల సంతాపం ఎందుకూ కొరగాదు.

ఇక ఫ్లెక్సీల సంగతి. నివాళి అని పెద్ద అక్షరాలుంటాయి. పోయిన నాయకుడి బొమ్మ మూలన చిన్నదిగా ఉంటుంది. నివాళి చెప్పేవారి బొమ్మలు నిలువెత్తున, నవ్వుతూ ఉంటాయి. సంతాప సభల్లో కుర్చీల కోసం, ఎవరు ముందు మాట్లాడాలన్న దాని కోసం కొట్లాటలు జరగడం కూడా కొత్త కాదు. ఆపైన చౌరస్తాల్లో విగ్రహాల పోటీ. రోడ్లపైన, కాలిబాటలపైన విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. అయినా రాత్రికి రాత్రి దిమ్మెలు లేస్తూనే ఉన్నాయి. ఏడాదికి రెండు రోజులు, జయంతికి, వర్ధంతికి కడిగి, మిగతా రోజులు కాకులకు వదిలేసే విగ్రహం ఆ పెద్దమనిషికి గౌరవమా, అవమానమా అన్నది పెట్టేవారే ఆలోచించుకోవాలి.

పి.వి.ని నిజంగా స్మరించుకోదలచినవారికి చేయవలసిన పనులు కొరత లేవు. ముఖ్యమంత్రిగా ఆయన ఉన్నది ఏడాది పైచిలుకే. 1971 సెప్టెంబరు 30న పదవి చేపట్టి, 1973 జనవరిలో దిగిపోయారు. ఆ కొద్ది కాలంలోనే భూపరిమితి చట్టానికి పూనుకున్నారు. అయిదుగురున్న కుటుంబానికి భూమి తరగతిని బట్టి తరి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించరాదన్నది ఆ చట్టం సారాంశం. స్వయంగా భూస్వామి అయిన ఆయన తన కుటుంబ భూమిలో మిగులును కూడా అప్పగించారు. పదవి ఊడడానికి ఈ పట్టుదల కూడా ఒక కారణమని చెప్పేవారున్నారు. ఆ చట్టం కింద పట్టా పొందిన పేదల చేతిలో ఈనాడు ఎంత భూమి ఉన్నది, ఎంత చేతులు మారింది, పట్టా ఉండి భూమి లేనివారెందరు అన్న లెక్కను రెవెన్యూ అధికారులు వర్ధంతి రోజున గ్రామ సభలో చదివి వినిపిస్తే అంతకంటె పెద్ద నివాళి లేదు.

ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. పల్లెటూరి పేద పిల్లవాడికి పట్నం పిల్లవాడితో సమానమైన చదువు అందాలన్నది దాని ఉద్దేశం. కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యాక నవోదయ విద్యాలయాల రూపంలో అదే ఆలోచనను దేశమంతటికీ విస్తరించారు. విగ్రహానికి దండ వేయడానికి కారు దిగే నాయకులు, అధికారులు ఆ రోజు దగ్గరలోని గురుకులానికో, వసతి గృహానికో వెళ్లి పిల్లలతో పాటు కూర్చుని అన్నం తినాలి. బియ్యంలో పురుగులున్నాయా, పప్పు నీళ్లలా ఉన్నదా, నల్లాలో నీరు వస్తున్నదా, మరుగుదొడ్డికి తలుపు ఉన్నదా చూడాలి. ముందుగా కబురు పెట్టకుండా వెళ్తే మరీ మంచిది.

శ్రీ పి.వి. పుస్తకాల మనిషి. విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. మరాఠీ నవలను అబల జీవితం పేరిట తెలుగులోకి తెచ్చారు. అటువంటి మనిషి పేరు చెప్పుకునే జిల్లాల్లో శాఖా గ్రంథాలయాలు ఏ తీరున ఉన్నాయో వేరే చెప్పనక్కర లేదు. ఇంటిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అది గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరుతున్నదా, చేరితే దానితో పుస్తకాలు వస్తున్నవా అని పాలకులు విచారించాలి. దిమ్మెలకు, పాలరాయికి పెట్టే ఖర్చులో కొంత పుస్తకాలకు పెడితే నలుగురు పిల్లలు చదువుకుంటారు.

నాయకులు వస్తారు, పోతారు. ఈనాడు పదవుల్లో ఉన్నవారికి కూడా ఒకనాడు ఆ రోజు తప్పదు. ఎదుటి పార్టీ పెద్ద పోయినప్పుడు ఆ వాకిట నిలబడడం, తలవంచి నమస్కరించడం, అక్కడ రాజకీయం మాట్లాడకపోవడం పల్లెల్లో ఇప్పటికీ బతికి ఉన్న అలవాటు. దీనిని పోగొట్టుకోకుండా పిల్లలకు నేర్పవలసిన బాధ్యత గ్రామ పెద్దలపై, పార్టీల కార్యకర్తలపై ఉంది. వచ్చే వర్ధంతి నాటికైనా బలవంతపు బంద్‌లు లేకుండా, నవ్వే ఫ్లెక్సీలు లేకుండా, ఒక్క వసతి గృహాన్నయినా బాగుచేసి చూపించే మండలం ఒకటి ముందుకు రావాలి. అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై దృష్టి సారించగలరని ప్రజలు ఆశిస్తున్నారు.