పాత బ్రేకు బుర్ర, కొత్త తాళం

మా పదిహేనేళ్ళ కారు డాష్‌బోర్డు మీద పోయినేడు నవంబర్లో ఏబీఎస్ అని పసుపుదీపం వెలిగింది. వెలిగితే వెలిగింది, బ్రేకులు పడుతున్నాయిగా అని వదిలేశాను. మామూలు బ్రేకులు నిజంగానే పడతాయి. చక్రం జారేటప్పుడు ఆదుకోవాల్సినవాడు సెలవులో ఉన్నాడని మాత్రమే ఆ దీపానికి అర్థం. అదెంత పెద్ద సెలవో జనవరిలో తెలిసొచ్చింది. బోస్టన్ శివార్లలో, మంచు పడ్డ పొద్దున, పాపని బడికి తీసుకెళ్తూ ఎర్రలైటు దగ్గర బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి, కారు జారుకుంటూ కూడలి మధ్యదాకా వెళ్ళి ఆగింది. అడ్డంగా ఎవరూ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. "నాన్నా, మళ్ళీ చెయ్యి!" అంది పాప వెనకసీట్లోంచి. నాకు కాళ్ళు వణుకుతున్నాయి.

షోరూమువాళ్ళు చూసి బ్రేకుల ఎలక్ట్రానిక్ మాడ్యూలు పోయిందన్నారు. కొత్తది వేసి, ప్రోగ్రామ్ చేసివ్వడానికి 1,900 డాలర్లు. కారు అమ్మితే 4,000 వస్తే గొప్ప. పాతసామాన్ల యార్డులో అదే మాడ్యూలు 90 డాలర్లు.

నేను పుట్టిపెరిగింది విజయవాడలో. ఆటోనగర్‌లో ఒక లారీని విప్పి నాలుగు లారీలకి ప్రాణం పొయ్యడం చూసిన కళ్ళు ఇవి. కాబట్టి 90 డాలర్ల వైపే మొగ్గాను. మా ఆవిడ మాత్రం "బ్రేకుల దగ్గరా నీ పిసినారితనం?" అంది. అడగాల్సిన ప్రశ్నే. అందుకే కొనేముందు నాలుగు రాత్రులు కూర్చుని చదివాను.

తేలిందేమిటంటే, పైకి ఒకే ముద్దలా కనిపించే ఆ వస్తువులో రెండు భాగాలుంటాయి. ఒకటి బ్రేక్ ఆయిలు పారే వాల్వులూ, పంపూ ఉన్న లోహపు దిమ్మ. రెండోది దానికి అతుక్కుని ఉండే ఎలక్ట్రానిక్ డబ్బా, అంటే బుర్ర. చాలా కార్లలో ఈ బుర్రని నాలుగైదు స్క్రూలు విప్పి విడిగా తీయొచ్చు, ఆయిలు గొట్టాలు కదపక్కర్లేదు. దిమ్మతో సహా మారిస్తే మాత్రం గాలి తీయాలి, కొన్ని కార్లలో దానికి స్కానరుతో పంపుని తిప్పించాలి కూడా. మూతల్లేకుండా యార్డులో పడున్న దిమ్మలోకి తేమా దుమ్మూ చేరుంటాయి. పాత దిమ్మ నేనైతే వెయ్యను. పాత బుర్ర వేస్తాను.

అదీ గుడ్డిగా కాదు. ముందు జబ్బు తేల్చుకోవాలి. చవక స్కానర్లు ఇంజను కోడ్లే చదువుతాయి, బ్రేకుల కోడ్లు చదవగలిగేది కావాలి. తుప్పుపట్టిన ఎర్త్ వైరూ, తెగిన చక్రం సెన్సరూ కూడా అదే దీపాన్ని వెలిగిస్తాయి. ఆ రెండూ బాగానే ఉన్నాయని చూసుకున్నాకే బుర్ర జోలికెళ్ళాను. పార్టు నంబరు చివరి అక్షరందాకా కలవాలి. వరదలో మునిగిన కారుది వద్దు, వెనకనుంచి గుద్దుకున్న కారుదైతే మేలు.

అన్నీ చూసి కొన్నాను, బిగించాను. పసుపుదీపం పోలేదు సరికదా, పక్కన ఇంకో రెండు వెలిగాయి! ఆ బుర్రలో వేరే కారు గుర్తింపు నంబరు రాసి ఉంది. ఇది నా బండి కాదు, నేను పనిచెయ్యను అని భీష్మించుకుంది. షోరూముకెళ్తే "వాడిన పార్టుకి మేం ప్రోగ్రామ్ చెయ్యం, పాలసీ" అన్నారు. చివరికి ఊరి చివర ఒక చిన్న గరాజు ఆయన లాప్‌టాప్ తగిలించి, నంబరు మార్చి, మా కారు వివరాలు రాసి, స్టీరింగ్ సెన్సరు సున్నా సరిచేసి, ఖాళీ పార్కింగు స్థలంలో మంచు మీద గట్టిగా బ్రేకు తొక్కించి చూపించాడు. కాలికింద పెడలు గరగరమని కొట్టుకుంది. ఈ ఏడాది నేను విన్న అతిమధురమైన శబ్దం అదే. మొత్తం ఖర్చు 240 డాలర్లు.

ఇక నా బాధ. తాళం పూర్తిగా అన్యాయమని నేననను. టైరు సైజో, మోడలో వేరేగా రాసున్న బుర్ర తప్పుడు లెక్కలు వేస్తే ప్రమాదమే. దొంగ పార్టులకి అడ్డుకట్ట కూడా కావాలి. కానీ తాళం వేరు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది వేరు. భద్రతే ముఖ్యమైతే "ఈ పార్టు సరిగ్గా కోడ్ చేశాకే పని చేస్తుంది" అంటే సరిపోతుంది. "ఎప్పటికీ కోడ్ చెయ్యనివ్వం" అనడంలో భద్రత ఎక్కడుంది? 1,900 పెట్టలేనివాడు ఏం చేస్తాడు? నవంబర్నుంచి జనవరిదాకా నేను చేసిందే చేస్తాడు, దీపంతోనే తిరుగుతాడు. ఆ తాళం రోడ్డుమీద మిగిల్చేది ఏబీఎస్ పనిచెయ్యని కార్లని.

మా మాసచూసెట్స్ జనం 2012లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఓటేసి మరీ కారు రిపేరు హక్కు తెచ్చుకున్నారు. రెండోసారి దాదాపు 75 శాతం మంది సరేనన్నారు. అయినా ఆ చట్టాన్ని కంపెనీలు కోర్టులో ఏళ్ళతరబడి నానబెట్టాయి. 2024లో ఓరెగాన్ రాష్ట్రం పార్టులకి ఇలా ముడెయ్యడాన్నే నిషేధించింది. బాగుందే అనుకుని చదివితే, అది ఫోన్లలాంటి వస్తువులకే, కార్లకి మినహాయింపట!

కంపెనీల్ని తిట్టి ఇక్కడితో ముగించొచ్చు. కానీ ఆ "నేను పనిచెయ్యను" అనే నాలుగు లైన్ల కోడు కంపెనీ రాయదు కదా, మనలాంటివాడెవడో రాస్తాడు. ఎవడో ఎందుకు, మూడేళ్ళ కిందట మా ఆఫీసులో తయారయ్యే ఒక యంత్రంలో, బ్యాటరీ సీరియల్ నంబరు మా జాబితాలో లేకపోతే స్టార్టవ్వకుండా ఆపే కోడు రాసింది నేనే. టికెట్ వచ్చింది, రాశాను, టెస్టులు పాసయ్యాయి, అందరం పిజ్జా తిన్నాం. ఆ యంత్రం కొన్నవాడు ఏ పొద్దున ఏ కూడలిలో ఇరుక్కుంటాడో ఆలోచించలేదు.

పోయినవారం డిజైను రివ్యూలో అడిగాను, "కొన్నవాళ్ళకి వేరే బ్యాటరీ జతచేసుకునే దారి ఒకటి పెడదామా, ఒక హెచ్చరిక చూపించి?" అని. ఒక క్షణం నిశ్శబ్దం. "మంచి ఆలోచనే, కానీ రోడ్‌మ్యాప్‌లో లేదు" అన్నాడు మేనేజరు. సరే, టికెట్ అయితే తెరిచాను. మూసేసినప్పుడల్లా మళ్ళీ తెరుస్తాను. మీ కోడులోనూ ఇలాంటి నాలుగు లైన్లుంటే, మీరూ ఒకటి తెరవండి.