కంప్యూటర్ చదువుకు ఇంటి తోడు

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. మరుసటి ఏడాది ‘నాడు–నేడు’ పథకం కింద బాగుచేసిన బడుల్లో ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. ఎన్ని పరికరాలు ఇచ్చామన్న లెక్క ప్రతి ప్రభుత్వమూ గట్టిగానే చెబుతుంది. బడి గంట కొట్టాక ఆ చదువు ఇంటిదాకా ఎలా వెళ్తుందన్న మాట మాత్రం అంతగా వినపడదు. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మూడో తరగతి చదివే పిల్లకు సాయంత్రం ఇంట్లో తోడెవరు? కంప్యూటర్ చదువు గురించి మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఉన్న పరిస్థితి చూద్దాం. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం. మహిళల్లో సగం మందికి అప్పటికి అక్షరాలు రావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 49 శాతం. అంటే పిల్లల చదువు ఎక్కువగా చూసుకునే తల్లికే ఆ ప్రపంచంతో పరిచయం తక్కువ. ‘మాకేం తెలుసు, అంతా సారే చూసుకోవాలి’ అని తల్లిదండ్రులు వెనకడుగు వేయడానికి ఇదే కారణం. వాళ్లకు ఏమీ తెలియదన్నది మాత్రం నిజం కాదు.

ముగ్గునే తీసుకోండి. ‘ఏడు చుక్కలు, నాలుగు దాకా, సందు చుక్క’ అని ఒకావిడ చెబితే పక్కింటావిడ చూడకుండానే పెట్టేస్తుంది. నడిమి వరుసలో ఏడు, పైన ఆరు, అయిదు, నాలుగు, కిందా అంతే. మొత్తం 37 చుక్కలు. మూడు ముక్కల్లో చెప్పిన సూచనలతో ఎవరు పెట్టినా, ఎన్నిసార్లు పెట్టినా అదే అమరిక రావాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఉండాల్సిన లక్షణం కూడా అదే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, వారితో పాటు కమలా కృతివాసన్ 1974లో తమిళ కోలం ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పత్రమే ప్రచురించారు.

తల్లి చేయాల్సింది చిన్న పని. ‘ఎనిమిదితో మొదలుపెట్టి అయిదు దాకా వస్తే ఎన్ని చుక్కలవుతాయి? పెట్టకముందే చెప్పు పాపా’ అని అడగాలి. పిల్ల లెక్కేసి 44 అంటుంది, లేదా తప్పు చెబుతుంది. గీత ఎక్కడో కలవకపోతే మొత్తం చెరిపేయనివ్వకుండా ఏ వరుసలో తప్పిందో వెతకమనాలి. ముందే ఊహించడం, చేసి చూడటం, తప్పును దాని చోట పట్టుకోవడం అనే మూడూ అలవాటైన పిల్లకు రేపు కోడింగ్ పాఠం కొత్తగా అనిపించదు.

పక్కన నిలబడి అడిగే పెద్దల విలువను సుగతా మిత్రా, రీతూ దంగ్వాల్ తమిళనాడులోని కలికుప్పం ఊరి ప్రయోగంలో గమనించారు. 2010లో ప్రచురించిన ఆ అధ్యయనంలో పిల్లలు కంప్యూటర్ సాయంతో తమంతట తాము జీవసాంకేతిక పాఠం కొంతవరకు నేర్చుకున్నారు. ఆ సబ్జెక్టు తెలియని ఒక పెద్ద మనిషి పక్కనుండి మెచ్చుకుంటూ, ‘ఇదెలా చేశావు?’ అని అడుగుతూ ఉంటే మార్కులు ఇంకా పెరిగాయి. ఒక్క ఊరి ప్రయోగంతో అంతా తేలిపోదు. అయినా చదువురాని తల్లికి ఇందులో కొండంత ధైర్యం ఉంది.

‘పట్నం పిల్లలకు ల్యాప్‌టాప్, మా పిల్లలకు ముగ్గులా?’ అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన కోపమే. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అయిదేళ్ల పిల్లలకే కంప్యూటింగ్ పాఠ్యాంశం. మన 2020 జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి మొదలుపెట్టమంది. మన పల్లె పిల్లలకూ పరికరం అందాల్సిందే, అది వాళ్ల హక్కు. పరికరం వచ్చేనాటికి బుర్ర సిద్ధంగా ఉంచే పని మాత్రం ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌నూ రీల్స్‌కు వదిలేయకుండా అవ్వ చెప్పే కథ రికార్డు చేయించాలి, ఇంట్లోవాళ్ల పేర్లు తెలుగులో టైపు చేయించాలి. అమ్మకు వచ్చిన మెసేజ్ చదివిపెట్టే పిల్లకు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేర్పడం కూడా కంప్యూటర్ చదువే.

అసలు చిక్కు సుగ్గి కాలంలో, అంటే కూలి పనులకు వలసపోయే రోజుల్లో వస్తుంది. వానాధారపు సేద్యం చేసే కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు మిర్చి చేలకు, తెలంగాణ పత్తి చేలకు వలసపోతాయి. ఇంటికి తాళం పడితే ఇంటి చదువు ఎక్కడిది? పిల్లలు అవ్వాతాతల దగ్గరో, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లోనో ఉంటారు, లేదా అమ్మానాన్నల వెంట చేలకు పోతారు. అందుకే బాధ్యతంతా తల్లిదండ్రుల మీద నెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు.

చేయగలిగినవి ఉన్నాయి. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. ఇకపై జరిగే సమావేశాల్లో ఒక పీరియడ్ తల్లులకు, అవ్వలకు కేటాయించి, ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు అక్కడే పిల్లలను అడిగి చూపాలి. వలసలు మొదలవకముందే ఆ సమావేశం పెట్టాలి. సీజనల్ హాస్టళ్లలో సాయంత్రం ఒక గంట ఇలాంటి చదువుకే ఉంచి, బడి ట్యాబ్‌లో స్క్రాచ్ జూనియర్ వంటి ఉచిత యాప్ వేయించాలి. గ్రామ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్ వారానికోసారి బడికి రావాలి. వీటికయ్యే ఖర్చు ట్యాబ్‌ల కొనుగోలుతో పోలిస్తే చాలా తక్కువ. ఇవి జరిగితే కొన్న పరికరాలకూ సార్థకత వస్తుంది, సుగ్గికి పోయిన తల్లి బిడ్డ కూడా తరగతిలో వెనకబడదు.